మొలిచిన మొక్కను పీకి మళ్ళీ నాటడమెందుకు?

విశాఖపట్నం

చిరంజీవులు చిన్నికి, బాబుకి, వీళ్ళతోపాటు ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ ఆశీస్సులు.

మొన్న అన్నవరం వెళుతున్నప్పుడు అనకాపల్లి దాటాక రైలు కిటికీలోంచి పొలాలను చూసి చిన్ని ఒక ప్రశ్న వేసింది. ఒక మడిలో కొందరు ఆడవాళ్ళు పచ్చగా మొలిచిన వరి మొక్కలను గుప్పెళ్ళతో పీకి కట్టలు కడుతున్నారు. పక్క మడిలో మరికొందరు ఆ కట్టలే విప్పి మొక్కలను బురదలో నాటుతున్నారు. "మొలిచినదాన్ని పీకి మళ్ళీ పాతడం ఎందుకు తాతయ్యా? ముందే అక్కడ విత్తనాలు చల్లేస్తే పోయేది కదా?" అని దాని సందేహం. పెద్దవాళ్ళు కూడా అడగదగిన ప్రశ్న కనుక తీరికగా కూర్చుని రాస్తున్నాను.

అక్కడే విత్తనాలు వెదజల్లినా వరి పండుతుంది. అలా పండించే రైతులూ ఉన్నారు. అయితే తడిసిన నేలలో మన విత్తనం ఒక్కటే మొలవదు. ఏళ్ళ తరబడి ఆ నేలలో దాగి ఉన్న కలుపు గింజలు కూడా అదే వానకు దానితోపాటే లేస్తాయి. ఇప్పుడు మీరు రైలు సంగతి ఆలోచించండి. విశాఖలోనే బయలుదేరే బండిలో, జనరల్ పెట్టె ఇంకా ఖాళీగా ఉండగానే ఎక్కినవాడు కిటికీ పక్కన చోటు చూసుకుని, సంచీ పైన పెట్టుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంటాడు. అనకాపల్లిలో ఎక్కినవాడు ఎంతటి బలశాలి అయినా నిలబడవలసిందే. నారు పోసి నాటడమంటే వరిని బండి బయలుదేరే స్టేషనులోనే ఎక్కించడమన్నమాట. ఎకరం పొలానికి 5 సెంట్ల ఆకుమడి, అంటే నారు పెంచే మడి, చాలు. ఆ చిన్న మడిలో నారు 25, 30 రోజులపాటు పెరుగుతూ ఉండగా, రైతు పెద్ద పొలానికి నీరు పెట్టి, ఆ నీటిలోనే దున్ని దమ్ము చేసి, అక్కడ మొలిచిన కలుపునంతటినీ బురదలో తొక్కేస్తాడు. అలా ఖాళీ చేసిన పెట్టెలోకి ముందుగా ఎక్కేది మన జానెడు నారే. ఆ తరువాత కలుపు గింజ కళ్ళు తెరిచినా దానికి మిగిలేది నిలబడే చోటే.

మడిలో 2 నుంచి 5 సెంటీమీటర్ల నీరు నిలబెట్టడం బండి తలుపులు మూసివేయడం. ఆ నీటి అడుగున గాలి అందక చాలా రకాల కలుపు గింజలు మొలవనే మొలవవు. మరి వరికి ఊపిరి ఆడుతుందా అని బాబు అడుగుతాడు, నాకు తెలుసు. ఆకుల నుంచి వేళ్ళ చివర దాకా వరి మొక్క లోపల సన్నని గాలి దారులు ఉంటాయి. పైన పీల్చిన గాలి వాటి గుండా కిందికి దిగుతుంది. మొక్కజొన్నను తెచ్చి అదే నీటిలో నిలబెడితే కొద్ది రోజులలోనే దాని వేళ్ళు కుళ్ళిపోతాయి.

సీట్ల కొలత కూడా ఉంది. వరుసకూ వరుసకూ మధ్య 20 సెంటీమీటర్లు, వరుసలో కుదురుకూ కుదురుకూ (ఒకచోట కలిపి నాటిన మొక్కల గుంపుకూ గుంపుకూ) మధ్య 15 సెంటీమీటర్లు ఉండాలని, కుదురుకు రెండు మూడు మొక్కలకు మించి పెట్టకూడదని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెబుతారు. ముగ్గురే కదా అని చోటిస్తే, నెల తిరిగేసరికి వాళ్ళు పిలకలు వేసి చుట్టపక్కాలతో సహా పది మందికి పైగా అవుతారు. అందుకే మొదట్లో పొలం పలచగా కనిపించినా రైతు కంగారు పడడు. ప్రతి 2 మీటర్లకు ఒకసారి 20 సెంటీమీటర్ల కాలిబాట కూడా వదలాలి. పెట్టెలో నడవడానికి దారి లేకపోతే ఎంత ఉక్క పోస్తుందో మీకు తెలుసు కదా. పొలంలో ఆ ఉక్కకు దుబ్బుల మొదట్లో సుడిదోమ అనే పురుగు చేరి పైరును గుండ్రంగా ఎండబెట్టేస్తుంది.

వరిలో నాకు నచ్చిన గుణం మరొకటి ఉంది. ఆరబెట్టిన వరి గింజ ఆగగలదు. ధర లేదంటే గాదెలో పోసుకుని మూడు నెలల తరువాత అమ్ముకోవచ్చు, లేదా మనమే దంపుకుని తినవచ్చు. మీ పాఠ్యపుస్తకంలో ఆహార పంటలనూ వాణిజ్య పంటలనూ రెండు గళ్ళలో రాస్తారు. రైతు ఇంట్లో అటువంటి గళ్ళు ఉండవు. అమ్మితే వడ్లు కూడా డబ్బే. నన్ను అడిగితే, పంటను చూసినప్పుడు ఇది ఎన్నాళ్ళు ఆగగలదు అని అడగాలి. రైతు బేరంలో నిలబడగలడా లేడా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

చెరకు ఆగలేదు. నరికిన మరునాటి నుంచే దానిలోని పంచదార తరిగిపోవడం మొదలవుతుంది. పైగా అది ఏడాది పొడవునా సీటు వదలని ప్రయాణికుడు. జనవరి నుంచి మార్చి లోపల మూడు కళ్ళున్న ముచ్చెలను, అంటే చెరకు గడ ముక్కలను, ఎకరానికి 16,000 చొప్పున చాళ్ళలో నాటితే పది, పన్నెండు నెలలకు కానీ తోట నరకడానికి రాదు. నరికాక కూడా పూర్తిగా దిగిపోదు, మోళ్ళ నుంచి మళ్ళీ చిగిర్చి కార్శి తోటగా రెండో ప్రయాణం మొదలుపెడుతుంది. ఇంత పొడుగు ప్రయాణంలో గాలివానలు రాకుండా ఉండవు గనుక నాలుగైదు గడలను వాటి ఆకులతోనే చేర్చి జడచుట్టు కడతారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజున ఆ కట్లు కూడా ఆగలేదు.

చోడవరం దగ్గర మా ఊళ్ళో చెరకును ఆగేలా చేసే ఉపాయం ఒక్కటే ఉండేది: బెల్లం వండడం. సంక్రాంతి నెలలో చీకటి పడితే మా పిల్లలందరం గానుగ దగ్గరే ఉండేవాళ్ళం. ఎడ్లు తిప్పే గానుగ నుంచి రసం పెద్ద ఇనుప పెనంలోకి చేరేది. రసం పిండగా మిగిలిన పిప్పినే ఎండబెట్టి ఆ పొయ్యిలో వేసేవారు. రసం మరుగుతుండగా సున్నపు తేట పోస్తే మడ్డి నురుగై పైకి తేలేది, దానిని జల్లితో తీసి పారబోసేవారు. ఆ తరువాతి అరగంట వంట చేసే పెద్దాయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. గరిటె అంచు నుంచి చుక్క పాకాన్ని నీళ్ళ గిన్నెలో వేసి, వేళ్ళతో ఉండ చేసి, ఆ ఉండను గిన్నె అంచుకు కొట్టి చూసేవాడు. మెత్తగా అతుక్కుంటే ఇంకా మంట కావాలి, టక్కుమని మోగితే ఆ క్షణమే పెనం దించాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే పాకం మాడి ఆ రోజు శ్రమంతా నల్లబడేది. పది కిలోల చెరకు నుంచి సుమారు ఒక కిలో బెల్లం వచ్చేది. ఆ దిమ్మలు అనకాపల్లి మార్కెట్టుకు చేరిన తరువాతే మా బడి జీతాలు, కొత్త చొక్కాలు. మీరు దుకాణంలో తెల్లగా మెరిసే బెల్లం కోసం వెతకకండి. అటువంటి మెరుపు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలపడం ఉంది. బెల్లం సహజమైన రంగు ఎరుపుతో కూడిన గోధుమ వన్నె.

అన్నట్టు, దసరా రోజుల్లో శారదా నది ఒడ్డున తెల్లగా పూసే రెల్లు చూశారు కదా? అది చెరకుకు దగ్గరి బంధువే. పూర్వపు లావు చెరకులో తీపి ఉండేది గాని తెగుళ్ళకు తట్టుకునే మొండితనం ఉండేది కాదు. 1912లో మొదలైన కోయంబత్తూరు చెరకు పరిశోధనా కేంద్రంలో బార్బర్, వెంకట్రామన్ అనే శాస్త్రజ్ఞులు దానిని రెల్లుతో కలిపి కో 205 అనే రకాన్ని తయారు చేసి 1918లో రైతులకు ఇచ్చారు. ఈనాటి చెరకు రకాలు దాదాపు అన్నింటిలోనూ రెల్లు మొండితనం ఉంది. మన అనకాపల్లిలో కూడా 1913 నుంచి పరిశోధనా స్థానం ఉంది.

కొండలెక్కితే లెక్క మారుతుంది. కిరండూల్ బండిలో అరకు వెళ్ళేటప్పుడు వాలు నేలల్లో కనిపించే చోడి (రాగి), దొరికినంత వానతో నిలబడి ప్రయాణించగల మనిషి. దాని గింజ పురుగు పట్టకుండా ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కాఫీ మొక్క ఎండ పడే కిటికీ సీటు అడగదు, సిల్వర్ ఓక్ చెట్ల నీడనే కోరుతుంది, ఆ చెట్ల మీదికే మిరియాల తీగ పాకిస్తారు. ఎర్రగా పండిన కాఫీ పండును కోసిన రోజునే తొక్క ఒలవాలి, లేదా ఎండబెట్టడం మొదలుపెట్టాలి. అంటే కాఫీ రైతు కూడా ఆగలేనివాడే. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ పేరు తెచ్చిన లాభం గిరిజన రైతు చేతికి ఎంత చేరుతుందో చూడవలసిన బాధ్యత పెద్దలది.

చివరగా ఒక పని చెబుతాను. ఊద అనే కలుపు వరి వేషం వేసుకుని టిక్కెట్టు లేకుండా ఎక్కుతుంది. వెన్ను (కంకి) వేసేదాకా పైపైన చూస్తే రెంటికీ తేడా తెలియదు. ఈ నెలలో ఎవరి ఊరైనా వెళితే ఆకు కాండాన్ని విడిచి బయటికి వంగే మడతను వేలితో కొంచెం విప్పి చూడండి. వరికైతే అక్కడ నిలువుగా సన్నని తెల్లని పొర ఒకటి, దాని పక్కన కాండాన్ని పట్టుకున్న చిన్న నూగు కొక్కేలు రెండు ఉంటాయి. ఊదకు రెండూ ఉండవు, ఆ చోటు నున్నగా ఉంటుంది. గట్టు దిగే ముందు మాత్రం ఆ పొలం వాళ్ళను అడిగి దిగండి. కలుపు తీసే అమ్మలను అడిగితే, మడత విప్పకుండానే ఊదను ఏరి మీ చేతిలో పెడతారు.

ఇట్లు,
మీ తాతయ్య