పదకొండేళ్లకే పరీక్ష: డెరీలో ఒక మగపిల్లల బడి చెప్పే కథ

ఉత్తర ఐర్లాండ్‌లో నవంబరు వస్తోందంటే పది, పదకొండేళ్ల పిల్లలున్న ఇళ్లలో టెన్షన్ మొదలవుతుంది. రెండు శనివారాలు, రెండు పేపర్లు. ఇంగ్లిష్, లెక్కలు. గ్రామర్ స్కూళ్లనే పేరున్న హైస్కూళ్లలో సీటు చాలావరకు ఆ మార్కుల మీదే. విచిత్రమేమిటంటే ఈ పరీక్ష పెట్టేది ప్రభుత్వం కాదు. ప్రభుత్వం తన పరీక్షను 2008తోనే ఆపేసింది. ఇప్పుడు బడులే కలిసి పెట్టుకుంటున్నాయి. సర్కారు వద్దన్నా ఆ పరీక్ష ఎందుకు చావడం లేదో అర్థం కావాలంటే, డెరీ ఊళ్లోని సెయింట్ కొలంబ్స్ కాలేజ్ సంగతి తెలుసుకోవాలి.

కాలేజ్ అంటారు గానీ అది హైస్కూలే. పదకొండో ఏట చేరితే పద్దెనిమిదో ఏట బయటికొస్తారు. మగపిల్లలే, కేథలిక్కులు. 1879 నవంబరు 3న తెరిచారు. ఆరో శతాబ్దపు సన్యాసి కొలంబా పేరు పెట్టారు. ఈ ఊళ్లో మఠం స్థాపించింది ఆయనేనని నమ్మకం. డెరీ అంటే ఐరిష్ భాషలో ఓక్ చెట్ల తోపు. అందుకే బడి వాళ్లకు ఓక్ ఆకు గుర్తు. కోటగోడల లోపల 1633లో కట్టిన ప్రొటెస్టెంట్ల పెద్ద గుడికీ ఆ సన్యాసి పేరే ఉంది. ఊరి పేరు మీద మాత్రం రాజీ కుదరలేదు. కేథలిక్కులకు డెరీ, ప్రొటెస్టెంట్లకు లండన్‌డెరీ.

బడి వెలిసిన స్థలానికే ఒక చరిత్ర ఉంది. బిషప్ స్ట్రీట్‌లో, కోటగోడకు బయట, ఒక పాత గాలిమర మొండెం ఇప్పటికీ నిలబడి ఉంటుంది. 1689లో కేథలిక్ రాజు రెండో జేమ్స్ సైన్యం ఊరిని ముట్టడించినప్పుడు ఆ గాలిమర చుట్టూనే కొట్టుకున్నారు. ఊళ్లోని ప్రొటెస్టెంట్లు తిండి లేక అల్లాడినా తలుపులు తెరవలేదు. ఆ తర్వాతి శతాబ్దంలో ఫ్రెడరిక్ హార్వీ అనే ఆంగ్లికన్ (ప్రొటెస్టెంట్) బిషప్ అక్కడే విలాస భవనం కట్టుకున్నాడు. బ్రిస్టల్ ప్రభువు కూడా ఆయనే. యూరప్ అంతా తిరిగే అలవాటు ఎంతంటే, అక్కడ ఊరూరా కనిపించే బ్రిస్టల్ హోటళ్లకు ఆ పేరు ఈయన వల్లే వచ్చిందంటారు. చివరికి ఆ నేల కేథలిక్ పిల్లల బడికి దక్కింది. ఆ మొండెం పక్కనే బంతాట ఆడుకున్న పిల్లలకు ఈ సంగతులెన్ని పట్టాయో!

మొదట్లో ఇది ఫాదర్లను తయారుచేసే బడి. డెరీ మేత్రాసనానికి, అంటే అక్కడి కేథలిక్ బిషప్ పరిధిలోని చర్చిలకు, ఫాదర్లు కావాలి. పల్లెల్లోని రైతుల పిల్లల్ని తెచ్చి హాస్టల్లో పెట్టి లాటిన్ చెప్పేవాళ్లు. ఊళ్లో పిల్లలు ఇంటి నుంచే వచ్చిపోయేవాళ్లు. పాఠాలు చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఫాదర్లే. పెద్దాయన్ని అప్పట్లో హెడ్మాస్టర్ అనేవాళ్లు కాదు, ప్రెసిడెంట్ అనేవాళ్లు. బడి నినాదం మత్తయి సువార్త నుంచి తీసుకున్న లాటిన్ మాట: మొదట దేవుని రాజ్యాన్ని వెదకండి. తప్పు చేస్తే అరచేతి మీద తోలు పట్టీతో వడ్డన. అక్కడ చదివిన చాలామంది పెద్దయ్యాక ఆ పట్టీని మరిచిపోకుండా చెప్పుకున్నారు. కొందరి మాటల్లో అది చిలిపి జ్ఞాపకం, కొందరి మాటల్లో ఇంకా ఆరని కోపం. నాకు రెండోవాళ్ల మాటే ఎక్కువ నమ్మబుద్ధవుతుంది.

అప్పట్లో ఫీజు కట్టాలి. స్కాలర్‌షిప్పులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కూలీ ఇంటి పిల్లాడు పద్నాలుగో ఏట పనిలోకి వెళ్లిపోవడమే రివాజు.

1947లో కథ తిరిగింది. ఆ ఏడాది ఉత్తర ఐర్లాండ్ విద్యా చట్టం అందరికీ హైస్కూలు చదువు ఉచితమంది. ఒక మెలిక పెట్టింది: పదకొండో ఏట పరీక్ష. గట్టెక్కినవాడు గ్రామర్ స్కూలుకి, తప్పినవాడు మామూలు సెకండరీ బడికి. గ్రామర్ స్కూలు గడప తొక్కేది నలుగురిలో ఒకరు. ఈ చట్టం తెచ్చింది యూనియనిస్టుల ప్రభుత్వం, అంటే ప్రొటెస్టెంట్ల పక్షం. కేథలిక్ బడుల కట్టడాలకు ఇచ్చే సాయం సగం నుంచి 65 శాతానికి పెరిగింది. అంత ఎందుకని సొంతవాళ్లే విద్యామంత్రి హాల్-థాంప్సన్ మీద విరుచుకుపడ్డారు. ఆ బడుల లెక్కల తగాదాలోనే 1949లో ఆయన పదవి వదులుకున్నాడు. మరోపక్క మిగిలిన 35 శాతం మేమెందుకు మోయాలని కేథలిక్ బిషప్పులు. నూటికి నూరు శాతం సాయం దక్కడానికి వాళ్లు 1993 దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ తలుపులోంచి లోపలికొచ్చిన తొలి పిల్లల్లో జాన్ హ్యూమ్ ఒకడు. 1937లో పుట్టాడు, ఏడుగురిలో పెద్దవాడు. యుద్ధం ముగిశాక తండ్రికి పని లేకుండా పోయింది. తల్లి చొక్కాల ఫ్యాక్టరీ కోసం ఇంట్లోనే కుట్టుపని చేసేది. కొత్త చట్టం లేకపోతే ఆ ఇంట్లో ఎవరూ సెయింట్ కొలంబ్స్ గేటు దాటేవాళ్లు కాదు.

1951లో ఇంకో పిల్లాడొచ్చాడు, షేమస్ హీనీ. తొమ్మండుగురిలో పెద్ద. పశువుల బేరగాడి కొడుకు, ఇంటికి బడి నలభై మైళ్లు. హాస్టల్లో దింపే ముందు అమ్మానాన్న కాన్వే స్టివర్ట్ ఫౌంటెన్ పెన్ను కొనిపెట్టారు. పన్నెండేళ్లవాడికి అంత ఖరీదైన పెన్ను! ఆ పెన్నులోకి సిరా పీల్చిన తీరును ఆయన డెబ్బయ్యేళ్ల వయసులో కూడా కవిత్వంలో రాసుకున్నాడు. 1953లో నాలుగేళ్ల తమ్ముడు రోడ్డు ప్రమాదంలో చనిపోయిన కబురు కూడా ఆ హాస్టల్లో ఉండగానే అందింది. ఆనాటి ఇంటి ప్రయాణమే ఆయన కవితల్లో బహుశా అందరికంటే ఎక్కువమంది చదివినది.

1995లో హీనీకి సాహిత్య నోబెల్. 1998లో హ్యూమ్‌కి డేవిడ్ ట్రింబుల్‌తో కలిపి శాంతి నోబెల్. మూడేళ్ల పాటు ఇద్దరూ ఒకే బడి వరండాల్లో తిరిగినవాళ్లు. హ్యూమ్ ఫాదర్ కావాలని మేనూత్ సెమినరీకి వెళ్లి, మనసు మార్చుకుని, అదే బడికి పంతులై తిరిగొచ్చాడు. నాటకకర్త బ్రయన్ ఫ్రీల్, విమర్శకుడు షేమస్ డీన్, ఉద్యమకారుడు ఈమన్ మెక్‌కాన్ కూడా ఈ బడి పిల్లలే. 1972 జనవరి 30న, డెరీ ఊరేగింపు మీద బ్రిటిష్ సైనికులు కాల్పులు జరిపిన బ్లడీ సండే నాడు, గాయపడిన కుర్రాణ్ని మోసుకెళ్లేవాళ్లకు ముందు నెత్తుటి రుమాలు ఊపుతూ నడిచిన ఫాదర్ ఎడ్వర్డ్ డేలీ కూడా ఇక్కడి హాస్టల్లో పెరిగినవాడే.

చదువొచ్చాక ప్రశ్నలొచ్చాయి. డెరీలో కేథలిక్కులే ఎక్కువ, అయినా వార్డుల గీతలు గీసిన తీరు వల్ల కార్పొరేషన్ మాత్రం యూనియనిస్టులదే. 1965లో కొత్త యూనివర్సిటీ డెరీకి ఇవ్వకుండా చిన్న ఊరు కోల్‌రెయిన్‌కి ఇచ్చారు. దాని మీద ఊరి మతాలవాళ్లందరినీ కలిపి కార్ల ఊరేగింపుగా ఉత్తర ఐర్లాండ్ పార్లమెంటు ఉన్న స్టార్మాంట్ దాకా నడిపించినవాళ్లలో హ్యూమ్ ముందున్నాడు. 1968 అక్టోబరు 5న డ్యూక్ స్ట్రీట్‌లో పోలీసులు లాఠీలు ఝళిపించిన పౌరహక్కుల ఊరేగింపును నిలబెట్టినవాళ్లలో మెక్‌కాన్ ఒకడు.

ఇక్కడిదాకా వింటే పరీక్ష మంచిదేననిపిస్తుంది. మనకూ ఈ లెక్క కొత్త కాదు. చిన్నప్పుడే ఎంట్రన్స్ రాసి కొడిగెనహళ్లి, తాడికొండ గురుకులాలకో, నవోదయకో వెళ్లి పైకొచ్చినవాళ్ల గురించి ఊరూరా చెప్పుకుంటాం. అదే బెంచీ మీద పక్కన కూర్చుని రాసి, సీటు రానివాడి గురించి ఎవరూ చెప్పుకోరు.

డెరీలో మాత్రం చెప్పుకోవాల్సి వచ్చింది. ఊళ్లోని కేథలిక్కుల పేట బాగ్‌సైడ్ కుర్రాడు మార్టిన్ మెగిన్నిస్ ఆ పరీక్ష తప్పాడు. పదిహేనో ఏట చదువు మానేసి మాంసం కొట్టులో పనికి కుదిరాడు. బ్రిటిష్ పాలన మీద ఆయుధం పట్టిన ఐఆర్ఏకి నాయకుడయ్యాడు. 1998 శాంతి ఒప్పందం తర్వాత, 1999లో, ఉత్తర ఐర్లాండ్ విద్యామంత్రి కుర్చీలో కూర్చున్నాడు! 2002 అక్టోబరులో, ప్రభుత్వం సస్పెండ్ కావడానికి కొద్ది రోజుల ముందు, ఆ పరీక్ష రద్దు చేస్తున్నట్టు ప్రకటించాడు.

ప్రకటించినంత తేలిగ్గా జరగలేదు. 2006 సెయింట్ ఆండ్రూస్ ఒప్పందంలో యూనియనిస్టులు పట్టుబట్టి, మార్కుల మీద పిల్లల్ని ఎంచుకునే హక్కు బడులకు పోకుండా చూసుకున్నారు. దాంతో 2008 నవంబరులో ఆఖరి సర్కారీ పరీక్ష అయిపోగానే బడులు రెండు జట్లయ్యాయి. కేథలిక్ గ్రామర్ స్కూళ్లు ఎక్కువగా ఒక పరీక్ష, మిగతావాళ్లు ఇంకోటి. ఎందుకైనా మంచిదని రెండూ రాసిన పిల్లలకు మొత్తం ఐదు పేపర్లు. 2023లో గానీ రెండు జట్లూ కలిసి ఒకే పరీక్షకు రాలేదు. ఈ ఎంపిక పద్ధతి ఆపేయమని కేథలిక్ పెద్దలే చెప్పినా వాళ్ల బడులు చాలా వినలేదు. తల్లిదండ్రులు విననివ్వలేదనడం సబబు. రెండు నోబెళ్లున్న ఊళ్లో ఆ తలుపు మూసేయమని ఏ తండ్రి అంటాడు?

సెయింట్ కొలంబ్స్ 1973లో బంక్రానా రోడ్డులో కొత్త ఆవరణ కట్టుకుని, తర్వాత పూర్తిగా అక్కడికే వెళ్లిపోయింది. బిషప్ స్ట్రీట్‌లో గాలిమర మొండెం పక్కనున్న పాత భవనాల్లో 1997 నుంచి లూమెన్ క్రిస్టీ అనే ఇంకో కేథలిక్ గ్రామర్ స్కూలు నడుస్తోంది. అందులో ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే చదువుతారు. సీటు మాత్రం అక్కడా నవంబరు శనివారాల పరీక్షతోనే.