గుంటూరు గ్రహణం నుంచి నక్షత్రాల దుమ్ము దాకా

2025 జూన్‌లో ఒక వార్త వచ్చింది. టీడబ్ల్యూఏ 7 అనే చిన్న నక్షత్రం చుట్టూ ఉన్న దుమ్ము వలయాల మధ్య జేమ్స్ వెబ్ టెలిస్కోపుకి ఒక గ్రహం కనిపించిందని, దాని బరువు ఇంచుమించు మన శనిగ్రహమంతని. అది చదివి గుంటూరు మిత్రుడొకాయన ఫోన్ చేశాడు. "దుమ్ములో గ్రహాన్ని వెతకడమేంటండీ, దుమ్ము అడ్డం కాదా?" అడ్డం కాదు, ఆనవాలు. అదెలాగో చెప్పాలంటే కాస్త వెనక్కి, ఆయన ఊరికే వెళ్లాలి.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడ్డానికి ఫ్రాన్స్ నుంచి ఖగోళ శాస్త్రవేత్త జూల్ జాన్సెన్ వచ్చి గుంటూరులో మకాం వేశాడు. ఇంగ్లిష్‌వాళ్ల తరఫున మేజర్ టెనెంట్ బృందం కూడా అదే ఊళ్లో దిగింది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా మూసేసిన ఆ కొద్ది నిమిషాల్లో, అంచున ఎగసిన జ్వాలల వెలుగును జాన్సెన్ స్పెక్ట్రోస్కోపుతో రంగులుగా విడదీసి చూశాడు. ఆ రంగుల్లో కనిపించిన గీతలు ఎంత కాంతిగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా ఇవి దొరుకుతాయని ఆయనకి తట్టింది. మర్నాడు మామూలు ఎండలో ప్రయత్నిస్తే దొరికాయి కూడా.

హీలియం గుంటూరులోనే దొరికిందని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. అందులో కొంత అతి ఉంది. సూర్యుడి వెలుగులోని ఆ పసుపు గీత కొత్త మూలకానిదని తేల్చడంలో ఇంగ్లండులోని శాస్త్రవేత్త లాకయర్ వాటా ఎక్కువ. నన్నడిగితే గుంటూరులో దొరికింది అంతకంటే పనికొచ్చేది: పెద్ద వెలుగు పక్కనున్న చిన్న వెలుగును, చంద్రుడు అడ్డొచ్చేదాకా ఆగకుండా చూసే దారి.

ఆ దారిలో తర్వాతి అడుగు 1930 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోనే పడింది. బెర్నార్ లియో టెలిస్కోపు లోపలే చిన్న బిళ్ల పెట్టి, సూర్యబింబాన్ని మూసి, చుట్టూ పలచగా పరుచుకున్న వెలుగును, అంటే కరోనాను చూశాడు. అందుకే ఆ పరికరానికి కరోనాగ్రాఫ్ అని పేరు. రాత్రిపూట ప్రకాశం బ్యారేజీ మీద ఎదురుబండి హెడ్‌లైటు కళ్లలో కొడుతుంటే అరచెయ్యి అడ్డం పెట్టుకుని పక్కన నడిచేవాళ్లని చూస్తామే, అదే కిటుకు. కాకపోతే చేతి అంచుల నుంచి వెలుగు కారినట్టే బిళ్ల అంచుల నుంచీ కారుతుంది. ఆ కారే వెలుగుతోనే ఇప్పటికీ పోరు.

దుమ్ము సంగతి మాత్రం అనుకోకుండా బయటపడింది. 1983లో అమెరికా, నెదర్లాండ్స్, బ్రిటన్ కలిసి ఐరాస్ అనే ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనపడని వేడి వెలుగు) టెలిస్కోపును పైకి పంపాయి. దాన్ని చల్లగా ఉంచింది ద్రవ హీలియం. అది అయిపోగానే, పది నెలలకే, పని ముగిసింది. సరుకు తూచేముందు కాటా సరిచూసుకున్నట్టు, కొలతలు సరిచూడ్డానికి వాళ్లు వాడిన నక్షత్రాల్లో వేగా ఒకటి. మన అభిజిత్తే అది: 27 నక్షత్రాల లెక్కలో చోటు పోయినా ముహూర్తాల్లో పేరు నిలుపుకున్నది. ఆ వేగా దగ్గరే తూకం ఎక్కువ చూపించింది. 60, 100 మైక్రాన్ల తరంగదైర్ఘ్యాల దగ్గర రావాల్సిన దానికన్నా చాలా ఎక్కువ వేడి వస్తోంది. తప్పు కాటాది కాదు. నక్షత్రం చుట్టూ ఉన్న దుమ్ము వెచ్చబడి ఆ వేడినిస్తోంది.

దుమ్ముంటే ఏంటట? సీజన్‌లో గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు దించుతున్నంతసేపూ గొంతు మండుతుంది, రేకుల సందులోంచి పడే ఎండలో ఎర్రటి నలుసులు తేలుతుంటాయి. దింపుడు ఆగితే కాసేపటికి అణిగిపోతాయి. అణగలేదంటే ఎక్కడో ఇంకా దించుతున్నారని లెక్క. నక్షత్రం దగ్గరా అంతే. దాని వెలుగు మరీ సన్నటి నలుసుల్ని బయటికి నెట్టేస్తుంది, కొంచెం పెద్దవి తిరుగుతూ తిరుగుతూ లోపలికి జారిపోతాయి. నక్షత్రం వయసుతో పోలిస్తే ఇదంతా రెప్పపాటు. కాబట్టి కనిపిస్తున్న దుమ్ము పుట్టినప్పటిది కాదు. తోకచుక్కలు, గ్రహశకలాలు ఢీకొని నలుగుతుంటే కొత్తగా లేస్తున్నది. శకలాలున్న చోట గ్రహాలూ ఉండొచ్చు.

ఫొటో మరుసటి ఏడాదే వచ్చింది. వాయేజర్ వ్యోమనౌకల కెమెరా బృందానికి నాయకుడిగా పనిచేసిన బ్రాడ్‌ఫర్డ్ స్మిత్, రిచర్డ్ టెరిల్‌తో కలిసి 1984లో చిలీలోని లాస్ కంపానాస్ అబ్జర్వేటరీ నుంచి బీటా పిక్టోరిస్ అనే నక్షత్రం వైపు కరోనాగ్రాఫ్ తిప్పాడు. పక్క నుంచి చూసిన పళ్లెంలా సన్నటి దుమ్ము గీత కనిపించింది. ఈ నక్షత్రం మనకీ కనిపిస్తుంది. జనవరి, ఫిబ్రవరి రాత్రుళ్లు విజయవాడ ఒడ్డున నిలబడి కృష్ణ మీదుగా దక్షిణానికి చూస్తే కిందుగా అగస్త్య నక్షత్రం మెరుస్తుంటుంది. దానికి కొంచెం కుడిపక్కన మసకగా ఉండేదే ఇది. ఘాట్ల లైట్ల మధ్య మూడుసార్లు వెతికాను, దొరకలేదు. ఉండవల్లి అవతల పొలాల్లోకి వెళ్తేగానీ కంటబడలేదు.

1990లలో హబుల్ అంతరిక్ష టెలిస్కోపు చిత్రాల్లో ఆ పళ్లెం లోపలి భాగం కాస్త వంగి ఉన్నట్టు తేలింది. ఏదో గ్రహం లాగుతోందన్నారు. 2003లో తీసిన చిత్రాల్లో ఒక చుక్క ఉన్న సంగతి 2008లో ప్రకటించారు. తర్వాత చూస్తే లేదు! 2009లో నక్షత్రానికి అవతలి వైపు తేలింది. చుట్టూ తిరిగి వచ్చిందన్నమాట, గ్రహమే.

ఫోమల్‌హాట్ అనే మరో నక్షత్రం కథ దీనికి తలకిందులు. దాని వలయం నడిమధ్యలో నక్షత్రం లేదని, ఒక పక్కకి జరిగి ఉందని 2005లో చూశారు. 2008లో వలయం పక్కన చుక్క చూపించి గ్రహమన్నారు. 2015లో జనం ఓట్లతో డేగన్ అని బారసాల కూడా అయిపోయింది. కానీ ఆ చుక్క ఇన్‌ఫ్రారెడ్‌లో ఎవరికీ దొరకలేదు. పోనుపోను ఉబ్బి, పలచబడి, 2014 చిత్రాలకి అసలు మాయమైంది. రెండు శకలాలు గుద్దుకుంటే లేచిన దుమ్ము మేఘమని 2020లో వచ్చిన వివరణ. 2023 హబుల్ చిత్రాల్లో అదే ప్రాంతంలో మరో కొత్త చుక్క బయటపడి ఆ వివరణకి బలమిచ్చింది. అందరికంటే ముందు దుమ్ము చూపించిన వేగా చుట్టూనేమో, 2024లో వెబ్ చూస్తే నున్నగా తుడిచిన పళ్లెం. పెద్ద గ్రహం జాడే లేదు.

అందుకే టీడబ్ల్యూఏ 7 దగ్గర జాగ్రత్తపడ్డారు. సన్నటి వలయంలో కొంత భాగం ఖాళీగా ఉంది. శనిగ్రహమంత గ్రహం అక్కడ తిరుగుతుంటే దుమ్ము ఎలా సర్దుకోవాలో కంప్యూటర్లో లెక్కేశారు. ఆ ఖాళీ సరిపోయింది. చుక్కా సరిగ్గా అక్కడే ఉంది. వెనకాల దూరంగా ఉన్న గెలాక్సీ కావడానికి అవకాశం చాలా తక్కువ. బృందాన్ని నడిపింది ఆన్-మరీ లగ్రాంజ్, బీటా పిక్టోరిస్ గ్రహాన్ని పట్టిన ఆవిడే. వాళ్లు వాడిన వెబ్ కరోనాగ్రాఫ్ ఫ్రాన్స్‌లో తయారైంది. అది బిగించిన కెమెరాను మైనస్ 266 డిగ్రీల దాకా చల్లబరిచే యంత్రంలో తిరిగేది హీలియం.

ఈ చివరి ముక్క చెప్పగానే మిత్రుడు, "చూశారా, మన ఊరి సరుకే కదండీ!" అన్నాడు. నేను వాదించలేదు.