మనసుకు మందు వాడుతుంటే ఒంటిని వదిలేయొచ్చా? కొన్ని అపోహలు, వాస్తవాలు

తీవ్రమైన మానసిక వ్యాధులున్నవాళ్లు మిగతావాళ్లకన్నా 10 నుంచి 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆత్మహత్యలే కారణమనుకుంటారు చాలామంది. అవీ ఉన్నాయి. కానీ గుండెజబ్బులు, ఊపిరితిత్తుల జబ్బులు, ఇన్ఫెక్షన్ల లాంటి వాటితో పోయేవాళ్లే ఎక్కువ. సైకియాట్రిస్టు బల్ల మీద బీపీ మిషన్ ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

అపోహ: ‘ఆయనకు స్కిజోఫ్రీనియా కదా, గుండెనొప్పి కూడా అందులో భాగమే.’

వాస్తవం: స్కిజోఫ్రీనియా అంటే లేనివి ఉన్నట్టు వినిపించే, భ్రమలు కలిగే తీవ్రమైన మానసిక వ్యాధి. ఈ అపోహ ఇంట్లోవాళ్లకన్నా మా డాక్టర్లలోనే ఎక్కువ. ఫైలు మీద జబ్బు పేరు చూడగానే సగం వినడం మానేస్తాం. పైగా ఆ మనిషి నొప్పిని అందరిలా చెప్పకపోవచ్చు. ‘ఛాతీ మీద ఎవరో కూర్చున్నారు’ అంటే అది భ్రమ కావచ్చు, గుండెపోటూ కావచ్చు. తేల్చాల్సింది ఈసీజీ, రక్తపరీక్షలు. పాత చీటీ కాదు. నిన్నటిదాకా కుదురుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి తికమకగా మాట్లాడినా అంతే. జ్వరం, ఇన్ఫెక్షన్, షుగర్, సోడియం చూశాకే ‘జబ్బు తిరగబెట్టింది’ అనాలి.

అపోహ: ‘ఈ మందులతో లావవడం ఖాయం, ఏం చేయలేం.’

వాస్తవం: స్కిజోఫ్రీనియా లాంటి జబ్బులకు వాడే ఒలాంజపిన్, క్లోజపిన్ ఆకలిని విపరీతంగా పెంచుతాయి, నిజమే. దాన్ని తిండియావ అని తిట్టకండి. బరువు మొదటి వారాల్లోనే వేగంగా పెరుగుతుంది. కాబట్టి మందు మొదలుపెట్టే ముందే బరువు, నడుం కొలత, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ రాసిపెట్టుకుని, మొదటి 6 వారాలు వారంవారం బరువు చూడాలి. పెరుగుతుంటే మందు మార్చవచ్చు, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ చేర్చవచ్చు. సొంతంగా ఆపేయడం మాత్రం వద్దు.

అపోహ: ‘పాపం, ఉన్న ఒక్క ఊరటా సిగరెట్టే. మాన్పిస్తే జబ్బు ముదురుతుంది.’

వాస్తవం: ఆ ఊరటలో చాలాభాగం, నికోటిన్ అందక పుట్టిన చికాకు కాసేపు చల్లారడమే. మానేసిన కొన్ని వారాలకు ఆందోళన, దిగులు తగ్గేవాళ్లే ఎక్కువ. 2016లో వెలువడిన ఈగల్స్ అధ్యయనంలో మానసిక సమస్యలున్నవాళ్లూ పాల్గొన్నారు. మాన్పించే మందులైన వరెనిక్లిన్, బుప్రోపియాన్ వల్ల మానసికంగా చెప్పుకోదగ్గ అదనపు హాని కనిపించలేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. పొగలోని తారు పదార్థాల వల్ల క్లోజపిన్, ఒలాంజపిన్‌లను కాలేయం త్వరగా కరిగించేస్తుంది. సిగరెట్ ఆపగానే అదే మోతాదు రక్తంలో ఎక్కువైపోతుంది: మత్తు, చొంగ, క్లోజపిన్ అయితే ఒక్కోసారి ఫిట్స్ కూడా. ఇది నికోటిన్ పని కాదు కాబట్టి చర్మానికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్ వేసుకున్నా మారదు. మానేసే రోజును ముందే డాక్టరుకు చెప్తే మోతాదు సర్దుతారు. పొగతాగనివ్వని వార్డులో చేర్చినప్పుడూ ఇదే జాగ్రత్త కావాలి.

అపోహ: ‘మలబద్ధకం కూడా ఒక సమస్యేనా?’

వాస్తవం: క్లోజపిన్ వాడేవాళ్లలో పేగు కదలిక మందగించి, పూర్తిగా అడ్డుపడి, ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. వాళ్లు సిగ్గుపడి చెప్పరు, మేము హడావిడిలో అడగం. కడుపు ఉబ్బి, నొప్పి, వాంతులు ఉంటే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

అపోహ: ‘లిథియం పడితే ఇక పరీక్షలెందుకు?’

వాస్తవం: లిథియం బైపోలార్ జబ్బుకు (ఉత్సాహం, దిగులు విపరీతంగా మారే జబ్బు) ఇచ్చే మందు. ఏళ్ల తరబడి పడినా రక్తంలో లిథియం, కిడ్నీ, థైరాయిడ్, కాల్షియం చూస్తూనే ఉండాలి. ఒంటినొప్పులకని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కొని మింగితే లిథియం పెరిగిపోతుంది. విరేచనాలై ఒంట్లో నీరు తగ్గినా అంతే. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించండి.