కొమ్మ ముక్క మొక్కవుతుందా? ఇంటి మొక్కల కటింగ్‌లపై అపోహలు, వాస్తవాలు

"మీ చేయి మంచిది, ఏది గుచ్చినా బతుకుతుంది" అని నాతో చాలామంది అంటారు. కొమ్మల నుంచి మొక్కలు పెంచడం నా వృత్తి. ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది గాని, దాని వెనకే ఇంకో మాట వస్తుంది: "నా చేతికి ఏదీ రాదు." అక్కడే నాకు బాధ. రెండు మూడు కొమ్మలు కుళ్లిపోయాయని మొక్కల జోలికే వెళ్లడం మానేసిన వాళ్లను చూశాను. వాళ్లు కత్తిరించిన చోటు చూస్తే చాలాసార్లు సంగతి తెలిసిపోయేది. కత్తెర ఒక అంగుళం పైన పడింది, అంతే.

వేరు లేని కొమ్మ గురించి ఒక్క విషయం గుర్తుంచుకుంటే తక్కినవన్నీ దాని వెంటే అర్థమవుతాయి. ఆకుల నుంచి నీరు ఆవిరైపోతూనే ఉంటుంది, తిరిగి తాగడానికి వేళ్లు లేవు. కోసిన చివర పీల్చుకునే కాస్త నీటితో, కాండంలో దాచుకున్న పిండిపదార్థంతో వేరు వేసేదాకా ఆ కొమ్మ నెట్టుకురావాలి. మనం చేసే ప్రతి పనీ ఆ నిల్వను కాపాడేదిగా ఉండాలి.

అపోహ: ఆకు నీళ్లలో వేస్తే చాలు, ఏ మొక్కైనా వస్తుంది

అన్నిటికంటే ఎక్కువ మందిని నిరాశపరిచేది ఇదే. ఒకావిడ గాజు గ్లాసులో మనీ ప్లాంట్ ఆకును తెచ్చి చూపించారు. ఆకు నిగనిగలాడుతోంది. కాడ చివర తెల్లటి వేళ్లు గుత్తిగా పెరిగి గ్లాసు అడుగున చుట్టలు చుట్టుకున్నాయి. ఏడాదిగా నీళ్లు మారుస్తున్నారట, ఒక్క చిగురూ లేదు. ఆవిడ పెంపకంలో లోపమేమీ లేదు. ఆ ఆకు ఇంకెన్నాళ్లు ఉన్నా చిగురు వేయదు.

మనీ ప్లాంట్ తీగను చేతిలోకి తీసుకుని, ఆకు కాడ తీగను కలిసే చోట వేలితో తడిమి చూడండి. అక్కడ కొంచెం ఉబ్బెత్తుగా, చుట్టూ ఉంగరం తొడిగినట్టు ఒక గీత కనిపిస్తుంది. అదే కణుపు. కాడ పంగలో నిద్రపోతున్న మొగ్గ ఒకటి ఉంటుంది. అక్కడే గోధుమ రంగులో ఒక చిన్న బుడిపె తగులుతుంది, అది గాలి వేరు మొదలు. కొత్త తీగ రావలసింది ఆ మొగ్గ నుంచి. ఆకు కాడకు వేరు పుట్టించే శక్తి ఉంది గాని, మొగ్గ పుట్టించే శక్తి లేదు. ఫిలోడెండ్రాన్, మాన్‌స్టెరా, హోయాలదీ ఇదే పరిస్థితి.

కాబట్టి కణుపుకు అర సెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు కింద కోయండి. కణుపు నీటిలో మునగాలి, ఆకు బయట ఉండాలి. కణుపు కింద పొడవాటి నున్నని కాండం వదిలితే అది కుళ్లడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

మరి ఆకు నుంచి వచ్చేవి లేవా?

ఉన్నాయి, పైగా అవి నాకెంతో ఇష్టమైనవి. ఆఫ్రికన్ వయొలెట్ ఆకును కాడతో సహా తడి మట్టి మిశ్రమంలో గుచ్చితే కొన్ని వారాలకు కాడ మొదట్లో పిల్ల మొక్కలు గుంపుగా పుడతాయి. రెక్స్ బెగోనియా ఆకు వెనుక ఈనెలను అక్కడక్కడా కోసి, ఆ వైపు మట్టికి ఆనేలా పరిస్తే కోసిన చోటల్లా మొక్క లేస్తుంది. జెడ్‌జెడ్ ప్లాంట్ చిట్టి ఆకు ముందు మట్టిలో చిన్న దుంపను తయారు చేసుకుంటుంది. చిగురు రావడానికి నెలలు పడుతుంది. పైన ఆకు పసుపెక్కితే చచ్చిపోయిందని పారేస్తారు. పారేసే ముందు మట్టి కదిపి చూడండి, గింజంత దుంప కనబడితే మీ మొక్క బతికే ఉంది.

స్నేక్ ప్లాంట్ విషయంలో రెండు జాగ్రత్తలు. ఆకును ముక్కలు చేసినప్పుడు ఏది పైభాగమో, ఏది కిందిభాగమో మరచిపోతే ముక్క తలకిందులుగా దిగుతుంది, అలా దిగితే వేరు రాదు. అందుకే నేను ప్రతి ముక్క కింది చివరను బాణం మొనలా కోసి పెట్టుకుంటాను. రెండోది: పసుపు అంచు ఉన్న రకాన్ని ఆకు ముక్కల నుంచి పెంచితే పిల్లలకు ఆ అంచు రాదు, మొత్తం పచ్చగా వస్తాయి. ఆ మొక్కలో రెండు రకాల కణజాలాలు పొరలుగా కలిసి ఉంటాయి. ఆకు ముక్క నుంచి కొత్త చిగురు పుట్టేటప్పుడు ఆ పొరల అమరిక నిలవదు. పసుపు అంచు కావాలంటే వేళ్లతో సహా పిలకను విడదీసి నాటడమే దారి.

తలకిందులైతే వేరు ఎందుకు రాదంటే, కారణం ఆక్సిన్ అనే మొక్కల హార్మోను. 1928లో డచ్ శాస్త్రవేత్త ఫ్రిట్స్ వెంట్ ఓట్ మొలకలపై తన ప్రయోగాలను ప్రచురించి ఈ పదార్థం ఉనికిని నిరూపించారు. చిగురులో, లేత ఆకుల్లో తయారై కాండం వెంట కిందికి ప్రయాణిస్తుంది. కొమ్మను కోస్తే దారి తెగి, కోసిన చోట పోగుపడుతుంది. అక్కడి కణాలను వేళ్లుగా మారమని పురికొల్పేది అదే. ముక్కను తిరగేసినా దాని ప్రయాణ దిశ మారదు.

అపోహ: తేనె, దాల్చినచెక్క పొడి రాస్తే వేళ్లు పుడతాయి

ఇవి రెండూ వేరు పుట్టించవు. దాల్చినచెక్కకు బూజును కొంత అడ్డుకునే గుణం ఉంది, అంతవరకే. కోసిన చోటు ఎండబెట్టేస్తుంది కనుక లేత కొమ్మలకు చెరుపు కూడా. తేనెను నీళ్లలో కలిపితే బూజుకు విందు చేసినట్టే. దుకాణాల్లో దొరికే రూటింగ్ పొడిలో అసలు పని చేసేది ఇండోల్ బ్యూటిరిక్ యాసిడ్ అనే ఆక్సిన్. లేత కొమ్మలకు 0.1 శాతం పొడి చాలు, గట్టి కొమ్మలకు 0.3 నుంచి 0.8 శాతం. ఎక్కువ పూస్తే ఎక్కువ వేళ్లు వస్తాయనుకోవద్దు. మోతాదు మించితే కోసిన చివర నల్లబడి చస్తుంది. మనీ ప్లాంట్, కోలియస్, ట్రెడెస్కాంటియాలకు ఏ పొడీ అక్కర్లేదు.

అపోహ: కొత్త ఆకు వచ్చిందంటే వేరు పట్టినట్టే

ఇది నమ్మి ఎన్ని కొమ్మలను ఎండలోకి మార్చి చంపుకుంటారో! డ్రసీనా మోడు ముక్కను పెట్టి చూడండి. కింద వేరు పుట్టకముందే పైన చిగురు తొంగిచూస్తుంది. అది కాండంలో దాచుకున్న నిల్వ ఖర్చు. ఆ ఆకును పోషించే వేరు సమయానికి రాకపోతే రెండూ కలిసి వాడిపోతాయి. వేరు పట్టిందో లేదో తెలుసుకోవడానికి రోజూ పీకి చూడడం ఇంకా ఘోరం. వేరు కొసలు దారపు పోగుల్లా తెగిపోతాయి. మూడు వారాల తర్వాత ఒకసారి రెండు వేళ్లతో మెల్లగా పైకి లాగండి. మట్టి పట్టి లాగినట్టు అనిపిస్తే వేరు ఉంది.

అపోహ: నీళ్లలో వేళ్లు ఎంత పొడవు పెరిగితే అంత మంచిది

నీటిలో పుట్టిన వేళ్లు నీటికే అలవాటు పడతాయి. పెళుసుగా ఉంటాయి, నూగు తక్కువ. జానెడు పెరిగిన వేళ్లను మట్టిలో పెడితే సగం విరిగిపోతాయి. మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు ఉన్నప్పుడే మట్టికి మార్చండి. మొదటి పది రోజులు మట్టి ఆరిపోకుండా చూసి, తర్వాత మామూలు తడికి దించండి. నీళ్లలో ఉన్నన్నాళ్లూ వారానికొకసారైనా నీళ్లు మార్చాలి. వేళ్లకూ ఆక్సిజన్ కావాలి, నిలవ నీటిలో అది తగ్గిపోతుంది. గ్లాసు చుట్టూ కాగితం చుడితే పాచి పట్టదు.

జేడ్ వంటి దళసరి ఆకుల మొక్కలకు ఈ నీటి పద్ధతి వద్దు. కోసిన చోటు మూడు నాలుగు రోజులు నీడలో ఆరి, పొర కట్టాకే తడి లేని మట్టి మిశ్రమంలో నాటండి.

ఎండ, ఎరువు, పెద్ద కుండీ: ఈ మూడూ ప్రేమతో చేసే తప్పులే. నేరుగా ఎండ తగిలితే ఆకుల నుంచి నీరు పోతుంది, తిరిగి నింపే వేరు లేదు. అలాగని చీకటి మూల కూడా పనికిరాదు, ఆకు ఆహారం తయారు చేసుకోవాలి. కిటికీ దగ్గర మంచి వెలుతురు, 20 నుంచి 25 డిగ్రీల వెచ్చదనం చాలు. పెద్ద ఆకులుంటే సగానికి కత్తిరించండి. వేరు రాకముందు ఎరువు వేస్తే ఆ లవణాలు కోసిన చోటును కాలుస్తాయి. కొమ్మకు అరచేతిలో ఇమిడే కుండీ సరిపోతుంది, పెద్దదానిలో మట్టి ఆరదు, కొమ్మ కుళ్లుతుంది.

అపోహ: కటింగ్ మొక్క బలహీనం, విత్తనం మొక్కే గట్టిది

మనీ ప్లాంట్‌నే చూడండి. జిబ్బరెల్లిన్ అనే హార్మోను తయారీలో లోపం వల్ల అది దాదాపుగా పుష్పించదు. పువ్వే లేకపోతే విత్తనమెక్కడిది? మన ఇళ్లలో పాకుతున్న తీగలన్నీ కొమ్మ నుంచి కొమ్మగా వచ్చినవే, ఏ నీరసమూ లేకుండా. కొమ్మ కటింగ్‌తో తల్లి గుణాలు యథాతథంగా వస్తాయి. చిక్కల్లా ఒక్కటే: తల్లి జబ్బులు కూడా అలాగే వస్తాయి. వైరస్ సోకిన మొక్క నుంచి తీసిన కొమ్మ ఎంత శుభ్రంగా నాటినా జబ్బుతోనే పుడుతుంది.

అందుకే కత్తెర పట్టే ముందు తల్లి మొక్కను తిప్పి చూడండి. ఆకుల అడుగున, కణుపు పంగల్లో దూది ముద్దల్లా పిండినల్లి ఉందేమో, ఆకులపై అసహజమైన మచ్చలున్నాయేమో గమనించండి. ఉంటే ఆ మొక్కను ముట్టుకోకండి. లేకపోతే కత్తెరను 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, ముందు రోజు నీళ్లు పట్టిన మొక్క నుంచి ఉదయం పూట కోయండి. డీఫెన్‌బాకియా, రబ్బరు మొక్క కోసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి, వాటి రసం చర్మాన్ని మండిస్తుంది.