ముందు అమ్ముకున్నారు, డబ్బు ‘పెండింగ్’ అన్నారు

అమెరికన్ జాజ్ ట్రంపెట్ కళాకారుడు చెట్ బేకర్ 1988లో ఆమ్‌స్టర్‌డామ్‌లో చనిపోయారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2008లో, ఆయన వారసుల తరఫున కెనడాలోని ఒంటారియోలో ఒక దావా పడింది. అనుమతి లేకుండా, డబ్బు కట్టకుండా పాటలు వాడుకున్నారన్నది అందులోని ఆరోపణ. నిందపడ్డవాళ్లు ఫుట్‌పాత్ మీద పైరసీ సీడీలు అమ్మేవాళ్లు కాదు. వార్నర్, సోనీ బీఎంజీ, ఈఎంఐ, యూనివర్సల్ సంస్థల కెనడా శాఖలు. అప్పట్లో ప్రపంచ సంగీత వ్యాపారంలో సింహభాగం ఈ నాలుగు సంస్థలదే.

సీడీ వేయడానికి గాయకుడితో ఒప్పందం ఒక్కటే చాలదు. పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు, లేదా వాళ్ల హక్కులు చూసుకునే పబ్లిషర్‌కు కాపీకి ఇంత చొప్పున ముట్టజెప్పాలి. ఒకప్పుడు కెనడాలో ఈ రేటును చట్టమే నిర్ణయించేది, అది కడితే అనుమతి వచ్చినట్టే. 1988లో చట్టం మార్చి ఆ ఏర్పాటు ఎత్తేశారు. అప్పటి నుంచి ప్రతి పాటకూ హక్కుదారు ఒప్పుకోవాల్సిందే.

కంపెనీలకు అంత ఓపిక లేకపోయింది. ఉదాహరణకు ఇరవై హిట్ పాటలతో ఒక సీడీ వేస్తున్నారనుకుందాం. పదిహేడు పాటలకు అనుమతి వచ్చింది, మూడింటికి రాలేదు. అయినా సీడీ మార్కెట్లోకి వెళ్లిపోయేది. ఆ మూడు పాటలూ ‘పెండింగ్ లిస్టు’ అనే జాబితాలోకి ఎక్కేవి. హక్కుదారు ఎవరో తేలాక, రేటు కుదిరాక డబ్బు ఇస్తామనేవాళ్లు. చాలా పాటల విషయంలో ఆ రోజు రాలేదు. ఏళ్లు గడిచేకొద్దీ జాబితా దాదాపు 3 లక్షల పాటలకు చేరింది. ఎవరికి ఎంత బాకీ ఉన్నారో రాసిపెట్టుకుని మరీ ఇవ్వకుండా ఉండటాన్ని పొరపాటు అని నేను అనలేను.

అవే ఏళ్లలో సరిహద్దుకు అవతల అమెరికాలో ఈ సంస్థలు ఎలా ఉన్నాయో చూడాలి. 2003 సెప్టెంబరులో అక్కడి రికార్డింగ్ కంపెనీల సంఘం ఆర్‌ఐఏఏ ఆధ్వర్యంలో ఒకేసారి 261 మంది మామూలు మనుషుల మీద కేసులు పడ్డాయి. ఇంటర్నెట్‌లో పాటలు పంచుకోవడమే వాళ్లు చేసిన నేరం. చాలామంది లాయరు ఫీజులకు భయపడి ఎంతో కొంత కట్టి బయటపడ్డారు. కోర్టు దాకా వెళ్లిన ఒక మిన్నెసోటా మహిళ మీద 24 పాటలకు 2007లో జ్యూరీ వేసిన మొత్తం 2,22,000 డాలర్లు, అంటే పాటకు 9,250. రెండోసారి విచారణ జరిగితే అది 19.2 లక్షల డాలర్లకు పెరిగింది. ఈ కేసు వేసినవాళ్లలో క్యాపిటల్, ఇంటర్‌స్కోప్, అరిస్టా, వార్నర్ బ్రదర్స్ ఉన్నాయి. పేర్లు వేరైనా వాటి యజమానులు ఆ నాలుగు సంస్థలే.

మధ్యలో 2005లో ఇంకొకటి బయటపడింది. కాపీ కొట్టకుండా ఆపడానికని సోనీ బీఎంజీ తన సీడీల్లో పెట్టిన సాఫ్ట్‌వేర్, కొన్నవాళ్ల కంప్యూటర్లలో చెప్పకుండా దాక్కుంటోందని మార్క్ రస్సినోవిచ్ అనే నిపుణుడు కనిపెట్టారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను బయటి కంపెనీ తయారుచేసింది. దాన్ని విప్పి చూసిన ప్రోగ్రామర్లకు అందులో లేమ్ (LAME) అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కోడ్ కనిపించింది. ఆ కోడ్‌ను ఎవరైనా వాడుకోవచ్చు, కానీ దాని లైసెన్సు షరతులు పాటించాలి. కాపీరైట్‌కు కాపలా పెట్టిన సాఫ్ట్‌వేర్‌లో ఆ షరతులకే దిక్కులేదు.

మళ్లీ కెనడా కేసుకు వస్తే, అప్పటి చట్టం ప్రకారం ఒక్కో పాటకు 20,000 కెనడా డాలర్ల దాకా పరిహారం వేయొచ్చు. 3 లక్షల పాటలకు లెక్కిస్తే 600 కోట్లు అవుతుంది. అంత వస్తుందని ఎవరూ అనుకోలేదు. 2011లో దాదాపు 5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. పాటకు సగటున 170 డాలర్లు కూడా పడలేదు. ఇకముందు జాబితా ఇలా పేరుకుపోకుండా కొత్త పద్ధతి పెట్టుకోవడానికీ ఒప్పుకున్నారు. కళాకారులకు ఎంతో కొంత చేతికొచ్చింది, అది చిన్న విషయమేమీ కాదు. కానీ అందులో చాలా భాగం వాళ్లకు ఏనాడో అందాల్సిన సొంత డబ్బే.

మిన్నెసోటా కేసులో జడ్జి 19.2 లక్షల డాలర్లు దారుణంగా ఉందని 54,000 డాలర్లకు తగ్గించారు. కంపెనీలు ఒప్పుకోలేదు, అప్పీలుకు వెళ్లాయి. కెనడాలో రాజీ జరిగిన మరుసటి ఏడాది, 2012లో, అమెరికా అప్పీల్ కోర్టు మొదటి జ్యూరీ వేసిన 2,22,000 డాలర్లనే ఖాయం చేసింది. 2013లో అమెరికా సుప్రీంకోర్టు ఆ మహిళ పిటిషన్‌ను విచారణకు తీసుకోలేదు.