బక్కగా ఉన్నవాళ్లకు కొలెస్ట్రాల్ ఉండదా? అపోహలు - వాస్తవాలు

బరంపురంలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్తం తీయడం, పరీక్ష చేయడం, రిపోర్టు చేతిలో పెట్టడం వరకే నా పని. మందు రాయడం డాక్టరు పని. కానీ డాక్టరు ఒడియాలో గబగబా చెప్పింది సగమే అర్థమై, మళ్లీ అడగడానికి మొహమాటపడి, తిరిగి మా కిటికీ దగ్గరికే వచ్చి తెలుగులో అడిగే మనవాళ్లు చాలామంది. గోపాల్‌పూర్, అర్జిపల్లి వైపు మత్స్యకారులు, ఛత్రపురం నుంచి వచ్చే ఉద్యోగస్తులు, సూరత్ మగ్గాల పని నుంచి సెలవుకి వచ్చిన కుర్రాళ్లు. వాళ్ల నోట పదే పదే వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

“నా ఒంట్లో కొవ్వెక్కడుంది బాబూ? రోజూ వల లాగుతాను, నాకేటవుతాది?”

ఒంటికి పట్టిన కొవ్వు వేరు, రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్ వేరు. కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మన కాలేయమే తయారుచేస్తుంది. దాన్ని రక్తంలోంచి ఎంత తొందరగా తీసేస్తుందన్నది చాలావరకు పుట్టుకతో వచ్చే సంగతి. అందుకే ఎముకల గూడులా ఉన్న మనిషి రిపోర్టులో ఎల్‌డీఎల్ (నాళాల్లో పేరుకునే చెడ్డ కొలెస్ట్రాల్) 190 దాటి ఉండటం మాకు వింత కాదు. కష్టపడి పనిచేసే ఒళ్లు గుండెకు మంచిదే, కాదనను. అయితే అది పరీక్షకు బదులు కాదు.

ఇంకో సంగతి. ఇంటర్‌హార్ట్ అని 52 దేశాల్లో జరిగిన అధ్యయనంలో తేలింది ఏమిటంటే, దక్షిణాసియావాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోంది. మిగతా దేశాలవాళ్లకు దాదాపు 59. అంటే ఇంటికి సంపాదించి పెట్టే వయసులోనే మనవాళ్లు పడిపోతున్నారు.

“ఏ ఇబ్బందీ లేదు. ఉంటే తెలీదా?”

తెలీదు. కొలెస్ట్రాల్ పెరిగితే నొప్పి ఉండదు, నీరసం ఉండదు, కళ్లు తిరగవు. ఏళ్ల తరబడి రక్తనాళం గోడలో పేరుకుంటూ పోతుంది. ఒకరోజు ఆ పేరుకున్నది చిట్లితే దానిమీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. అప్పుడు కూడా “గ్యాస్ బాబూ” అని సోడా తాగి పడుకునేవాళ్లున్నారు. గుండెలో బిగపట్టినట్టుండి, చెమటలు పట్టి, చెయ్యో దవడో లాగుతుంటే గ్యాస్ మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూడకండి. 108కి ఫోన్ చేయండి.

“టోటల్ కొలెస్ట్రాల్ 180. నార్మల్ అని రాసుంది కదా!”

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే మాట ఇదే. రిపోర్టులో మొదటి గీత చూసి కాగితం మడత పెట్టేస్తారు. మా దగ్గర తరచూ కనిపించేలాంటి రిపోర్టు ఒకటి చూద్దాం: టోటల్ 180, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే మరో రకం కొవ్వు) 260, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 31, ఎల్‌డీఎల్ 97. టోటల్ 200 లోపే ఉంది. ఎల్‌డీఎల్ కూడా 100 లోపే ఉంది. అయినా ఇది మంచి రిపోర్టు కాదు. ట్రైగ్లిజరైడ్లు 150 దాటకూడదు. హెచ్‌డీఎల్ మగవాళ్లకు 40, ఆడవాళ్లకు 50 పైన ఉండాలి. ఇప్పుడు టోటల్‌లోంచి హెచ్‌డీఎల్ తీసేయండి. 180లో 31 పోతే 149. దీన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు, నాళాల్లో పేరుకునే రకాలన్నీ కలిపిన లెక్క. మామూలు మనిషికి ఇది 130 లోపు ఉండాలి. కొన్ని రిపోర్టుల్లో ఈ గీతే ఉండదు, కాబట్టి తీసివేత మీరే చేసుకోండి.

ఈ రకం రిపోర్టు మన దేశంలో చాలా ఎక్కువ. ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) దేశమంతటా చేసి 2023లో ప్రకటించిన సర్వేలో పెద్దవాళ్లలో నూటికి 81 మందికి రక్తంలోని కొవ్వుల్లో ఏదో ఒక తేడా ఉంది. అందులోనూ ఎక్కువమందికి కనిపించింది హెచ్‌డీఎల్ తక్కువగా ఉండటమే. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం, మధ్యలో చక్కెర దండిగా వేసిన టీలు, సాయంత్రం మద్యం. ట్రైగ్లిజరైడ్లు పెరగడానికి ఇవి చాలు, మాంసమే తినక్కర్లేదు. కవళ్లు, కానాగంతలు పట్టేవాళ్లు వాటిని అమ్మేసి, ఇంట్లో ఉప్పు చేపతో పూట గడపడం చూస్తే బాధేస్తుంది. ఆ కొవ్వు చేపల్లోని నూనె గుండెకు మంచిది. ఉప్పు చేప మాత్రం బీపీని పెంచుతుంది.

పైన రాసిన అంకెలు ఏ జబ్బూ లేనివాళ్లకు. షుగర్ ఉన్నా, ఇదివరకు గుండెపోటు వచ్చినా ఎల్‌డీఎల్ 70 లోపు, కొందరికి 55 లోపు ఉండాలంటారు డాక్టర్లు. పక్కింటాయన రిపోర్టుతో పోల్చుకోకండి.

“ఆశా దీదీ వచ్చి అన్ని టెస్టులూ చేసేసింది”

ఆరోగ్య మందిర్‌లో (ఊళ్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో) 30 దాటినవాళ్లకు బీపీ, షుగర్ చూస్తారు. నోటి క్యాన్సర్, ఆడవాళ్లకు రొమ్ము, గర్భాశయ ముఖ క్యాన్సర్ లక్షణాలు చూస్తారు. చాలా మంచి పని, తప్పించుకోకండి. వేలికి సూది గుచ్చి చూసింది మాత్రం షుగర్, కొలెస్ట్రాల్ కాదు. దానికి లిపిడ్ ప్రొఫైల్ అని విడిగా అడగాలి. ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, బయట ల్యాబులో చేయించుకునే ఈ పరీక్షకు చెల్లదు. ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో అడిగి చూడండి.

“గుండె జబ్బు మగాళ్లకు. ఆడవాళ్లకెందుకు?”

నెలసరి ఆగాక ఆడవాళ్లకు ఎల్‌డీఎల్ పెరుగుతుంది. పైగా మన తీరం వెంట పెద్దమ్మలు కొందరు ఇప్పటికీ అడ్డపొగ తాగుతారు. చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకోవడం వల్ల అంగిలికి వచ్చే పుండ్ల సంగతి అందరికీ తెలుసు. ఆ పొగ గుండె నాళాల్నీ వదలదు. పళ్లకు రుద్దే గుడాఖు కూడా పొగాకే. మగాళ్లను పరీక్షకు తీసుకొచ్చి బయట బెంచీ మీద కూర్చునే ఆడవాళ్లను నేను లోపలికి పిలుస్తుంటాను. “నాకెందుకు నాయనా” అంటారు. పది మందిలో ఒకరిద్దరు చెయ్యి చాపుతారు.

“మాత్ర మొదలెడితే జన్మంతా మింగాలి, లివర్ పోతుంది”

కొలెస్ట్రాల్ తగ్గించే ఈ మాత్రల్ని స్టాటిన్లు అంటారు, ఇవి దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. 1994లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో గుండె జబ్బు ఉన్నవాళ్లలో మరణాలు 30 శాతం తగ్గాయి. లివర్ బాగా దెబ్బతినడం చాలా అరుదు. కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. అప్పుడు మాత్ర మీరే మానేయకుండా డాక్టరుకు చెబితే మోతాదో రకమో మారుస్తారు. కడుపుతో ఉన్నవాళ్లు, బిడ్డ కావాలనుకుంటున్నవాళ్లు ముందే చెప్పాలి. జనౌషధి దుకాణంలో ఇవి చవగ్గానే దొరుకుతాయి. రిపోర్టు బాగా వచ్చిందని ఆపేస్తే కొన్ని వారాల్లో అంకె మళ్లీ పైకి వెళ్తుంది, ఎందుకంటే అది బాగైందే మాత్ర వల్ల.

“కొలెస్ట్రాల్ లేని నూనె వాడుతున్నాం”

మొక్కల నుంచి వచ్చే ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. పామాయిల్‌లోనూ ఉండదు, కానీ దాంట్లో సగం దాకా ఉండే సంతృప్త కొవ్వు ఎల్‌డీఎల్‌ని పెంచుతుంది. ప్యాకెట్ మీద మాట చూసి నూనె ఎక్కువ పోయకండి, బజ్జీలు వేసిన నూనెనే మళ్లీ మళ్లీ కాచకండి.

“నాన్నకి వచ్చింది, ఆయన టెస్టులు ఆయన చేయించుకుంటాడు”

తండ్రికో అన్నకో 55 లోపు, తల్లికో అక్కకో 65 లోపు గుండెపోటు వచ్చిందంటే పిల్లలు, తోబుట్టువులు అందరూ పరీక్ష చేయించుకోవాలి, వయసు ఇరవై అయినా సరే. ప్రతి 250 మందిలో సుమారు ఒకరికి పుట్టుకతోనే ఎల్‌డీఎల్ బాగా ఎక్కువగా ఉంటుంది. అలాంటివాళ్ల పిల్లల్లో సగం మందికి అది వచ్చే అవకాశం ఉంది. సూరత్ నుంచి కొడుకు పండక్కి వచ్చినప్పుడు పొద్దున్నే ల్యాబుకి తీసుకురండి. తిని వచ్చినా ఫరవాలేదు, మామూలుగా ఈ పరీక్షకు ఇప్పుడు పరగడుపు తప్పనిసరి కాదు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే మాత్రం మర్నాడు పది, పన్నెండు గంటలు ఏమీ తినకుండా మళ్లీ ఇవ్వమంటాం. అప్పుడు కూడా మంచినీళ్లు తాగొచ్చు. పాత రిపోర్టులుంటే కూడా తెచ్చుకోండి, ఇచ్ఛాపురంలో చేయించినా సరే, కొలత ఒకటే.