పాత సైనిక దిక్సూచి కొనేముందు

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికాధికారులు తోలు సంచిలో పెట్టుకు తిరిగిన ఇత్తడి దిక్సూచి ఒకటుంది. కర్నల్ విల్లోబీ వెర్నర్ రూపొందించాడు కాబట్టి దాన్ని వెర్నర్ కంపాస్ అంటారు. అరచేతిలో ఇమిడిపోతుంది. పాత సర్వే పరికరాలు సేకరించేవాళ్లలో చాలామంది దీనితోనే మొదలుపెడతారు.

మూత తెరిస్తే డయల్ మీద రెండు వరసల అంకెలు కనిపిస్తాయి. లోపలి వరస మామూలుగానే ఉంటుంది. బయటి వరస మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది, పైగా అందులో సున్నా దక్షిణం దగ్గరుంటుంది! అచ్చుతప్పేమీ కాదు. అంచున బిగించిన చిన్న ప్రిజం ఆ అంకెలను సరిచేసి, పెద్దవి చేసి చూపిస్తుంది. మనం ఉత్తరానికి గురిపెట్టినప్పుడు ప్రిజం కిందికి వచ్చేది డయల్‌లోని దక్షిణపు అంచే కాబట్టి సున్నా అక్కడుండాలి. ప్రిజం పైనున్న సన్నటి సందులోంచి చూస్తూ, మూతలోని గాజు మీది గీతను దూరంగా కనిపించే చర్చి శిఖరానికి కలిపితే చాలు. తల దించకుండా అదే చూపులో డిగ్రీలు చదివేయొచ్చు. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివినవాళ్లు సర్వే ప్రాక్టికల్స్‌లో పట్టుకున్న ప్రిస్మాటిక్ కంపాస్‌దీ ఇదే సూత్రం. లండన్‌లో పరికరాలు తయారుచేసే ష్మాల్‌కాల్డర్ ఈ సూత్రానికి పేటెంట్ తీసుకున్నది 1812లో.

కొనేటప్పుడు వెనక వైపు చూడండి. తయారీదారు పేరు, సంవత్సరం, ప్రభుత్వ ఆస్తి అని చెప్పే బాణం గుర్తు ఉంటాయి. అయితే గుర్తులు ఎవరైనా చెక్కగలరు. పాతకాలం ముద్రలతో కొత్తగా పోతపోసిన ఇత్తడి దిక్సూచిలు బజారులో బోలెడు. ప్రిజంలో అంకెలు స్పష్టంగా కనిపించకపోతే, డయల్ ఎక్కడో ఒకచోట పట్టేస్తుంటే, అది బల్ల మీద అలంకారానికే పనికొస్తుంది. ఇత్తడి కనబడితే చింతపండు వేసి తోమడం మనకు అలవాటు. నిజమైన పాత వస్తువు మీద దయచేసి ఆ పని చేయొద్దు. పులుపుకు పైపూత, వందేళ్ల రంగు రెండూ పోతాయి, వాటితోపాటు విలువా పోతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇంకొకటుంది. రాత్రిపూట కనిపించడానికి వీటిలో చాలావాటికి రేడియోధార్మిక లోహమైన రేడియం కలిపిన పూత వేశారు. రేడియం నుంచి వచ్చే ఆల్ఫా కణాలు తగిలి ఆ పూతలోని జింక్ సల్ఫైడ్ మెరుస్తుంది. ఆ దెబ్బలకు జింక్ సల్ఫైడ్ కొన్నేళ్లలోనే పాడైపోయి వెలుగు ఆగిపోతుంది. దాంతో "రేడియం అయిపోయింది" అనుకుంటారు చాలామంది. నిజానికి రేడియం అర్ధాయువు, అంటే అది సగానికి తగ్గడానికి పట్టే కాలం, దాదాపు 1,600 ఏళ్లు. 1918లో పూసినదాంట్లో 100కు 95 వంతులు ఇప్పటికీ అలాగే ఉంది. అమెరికాలోని న్యూజెర్సీలో ఇలాంటి పూతతో గడియారాల డయళ్లకు రంగు వేసిన ఆడపిల్లలు, కుంచె మొన సన్నబడాలని పెదవులతో తడిపేవారు. రేడియం లోపలికి వెళ్లి వాళ్ల దవడ ఎముకలు కుళ్లిపోయాయి, చాలామంది చనిపోయారు.

మూసి ఉన్న దిక్సూచిని కాసేపు చేత్తో పట్టుకుంటే అంత టెన్షన్ పడక్కర్లేదు. ఆల్ఫా కణాలు గాజును దాటలేవు. గామా కిరణాలు దాటతాయి కాబట్టి జేబులో పెట్టుకు తిరగొద్దు, తలగడ పక్కన ఉంచొద్దు. గాజు పగిలి, పూత పొడిపొడిగా రాలుతుంటేనే పెద్ద ప్రమాదం. ఆ పొడి ఊపిరితో లోపలికి పోకూడదు. రేడియం నుంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు కూడా పుడుతుంది. అందుకే గాలి ఆడే చోట, పిల్లలకు అందకుండా ఉంచాలి. శుభ్రం చేద్దామని మాత్రం దాన్ని ఎప్పుడూ విప్పకండి.